వంకర పళ్ళను అలాగే ఉంచుకున్న పెద్దల గురించి

అనంతపురం

చిరంజీవులైన పిల్లలకు మీ అవ్వ ఆశీర్వదించి రాయునది.

మీ పెద్దమ్మకు బ్యాంకులో ఉద్యోగం ఉంది, చేతిలో డబ్బుంది, మన ఊళ్ళో పళ్ళ డాక్టర్లకు కొదవ లేదు, అయినా పైవరసలో పన్ను మీద పన్ను ఎక్కి ఉంటే క్లిప్పులు ఎందుకు వేయించుకోలేదని మీరు అడిగారు. ఆమెనే అడిగితే నొచ్చుకుంటుందేమోనని నన్ను అడిగారు చూడండి, అది నాకు నచ్చింది. నేను ఆమెతో మాట్లాడి, మీకు చెప్పడానికి ఆమె ఒప్పుకున్న తర్వాతే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇష్టం లేక వేయించుకోలేదని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు గాని, ఆ ఇష్టం వెనక ఎంత ఆలోచన ఉందో మీకు తెలియాలని నా కోరిక. పెద్దవాళ్ళు పళ్ళు సరిచేయించుకోకపోవడాన్ని మనం తొందరపడి అశ్రద్ధ అనుకుంటాం. నాకు తెలిసినవాళ్ళలో ఎక్కువమంది తమ నోటి సంగతి, వయసు, తీరిక, ఖర్చు అన్నీ బేరీజు వేసుకుని, వద్దని నిర్ణయించుకున్నవాళ్ళే.

ముందుగా పన్ను ఎట్లా కదులుతుందో తెలుసుకోండి, ఎందుకంటే తక్కిన కారణాలు చాలావరకు దాని నుంచే పుడతాయి. పన్ను వేరు దవడ ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ మిల్లీమీటరులో ఐదో వంతు మందం ఉండే సన్నని నారపొర ఒకటి ఉంటుంది. క్లిప్పుల తీగ పన్నును ఒక పక్కకు మెల్లగా నెట్టినప్పుడు, ఒత్తిడి పడిన పక్కన ఎముక కరుగుతుంది, రెండో పక్కన కొత్త ఎముక పుడుతుంది. మన పెన్నేరు వరద వచ్చినప్పుడు ఒక ఒడ్డును కోసుకుంటూ ఎదుటి ఒడ్డున మేట వేసినట్టు ఈ పని జరుగుతుంది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు మించి పన్ను జరగదు. తొందరపడి ఎక్కువ బలం పెడితే వేరు కొసలు అరిగి పొట్టివి అవుతాయి, జాగ్రత్తగా చేసినా కొందరికి కొద్దిగా అరుగుతాయి. అందుకే ఈ చికిత్సకు సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

పన్ను కదలడానికి వయసు అడ్డు కాదు. యాభై దాటినవాళ్ళు కూడా క్లిప్పులు వేయించుకుంటున్నారు. అయితే మీ వయసులో దవడలు ఇంకా పెరుగుతూ ఉంటాయి; అంగిలి నడిమి అతుకు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు కాబట్టి, ఇరుకుగా ఉన్న పై దవడను డాక్టరు ఒక పరికరంతో వెడల్పు చేయగలడు. పెద్దయిన తర్వాత ఆ వీలు తగ్గిపోతుంది, కొందరికి శస్త్రచికిత్స దాకా వెళ్ళవలసి వస్తుంది. మరి ఇరుకు వరసలో ఒంకర తిరిగిన పన్నును లోపలికి చేర్చాలంటే చోటు ఎక్కడి నుంచి వస్తుంది? కొంచెం చోటు చాలనుకుంటే పళ్ళ పక్కలను కాస్త అరగదీస్తారు. ఎక్కువ చోటు కావాలంటే కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపళ్ళను, మామూలుగా పైన రెండు, కింద రెండు, పీకవలసి ఉంటుంది. మీ పెద్దమ్మకు డాక్టరు చెప్పింది ఇదే. కనబడే రెండు పళ్ళు వరసలోకి రావడం కోసం పుచ్చు లేని, కదలని, నమలడానికి పనికొచ్చే నాలుగు పళ్ళను పోగొట్టుకోవడానికి ఆమెకు మనసు రాలేదు. డాక్టరు ఆమెను బలవంతపెట్టలేదు, ఆలోచించుకుని రమ్మన్నాడు. ఆమె ఆలోచించుకుని, వెళ్ళలేదు. ఇదే పరిస్థితిలో వేరొకరు సరేనని ఉంటే అదీ తప్పు కాదు.

ఇక మన జిల్లాకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది, దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. అనంతపురం ప్రాంతంలో చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని చెబుతారు. మన పల్లెల్లో అంతకు మించిన నీళ్ళు తాగి పెరిగిన తరాలు ఉన్నాయి. చిగుళ్ళ లోపల పళ్ళ పైపొర తయారయ్యే చిన్నతనంలో ఆ నీళ్ళు తాగితే, తర్వాత బయటికి వచ్చే పళ్ళ మీద తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి, ఎక్కువైతే పైపొర గుంటలు పడి పెళుసుగా తయారవుతుంది. పైపొర పూర్తిగా తయారైన తర్వాత ఆ నీళ్ళు తాగినా పళ్ళకు ఈ మచ్చలు రావు. 1995 ప్రాంతంలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి జిల్లాలోని వందలాది ఊళ్ళకు శుద్ధమైన నీరు అందింది గాని, మీ పెద్దమ్మ పళ్ళు అప్పటికే తయారై ఉన్నాయి. ఆమె నవ్వినప్పుడు ముందు పళ్ళకు అడ్డంగా కనిపించే గోధుమరంగు చార బ్రష్షుతో తోమితే పోయేది కాదు, అది పైపొరలోనే ఉంది.

ఈ చారలకూ క్లిప్పులకూ సంబంధం ఏమిటంటారా? క్లిప్పులు వేసేటప్పుడు డాక్టరు ముందు పన్నును శుభ్రం చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్లును అర నిమిషం పాటు పూసి కడుగుతాడు. అప్పుడు పైపొర కంటికి కనిపించనంత సూక్ష్మంగా గరుకవుతుంది, ఆ గరుకులోకి జిగురు దిగి, పన్ను మీద చిన్న లోహపు ముక్క గట్టిగా నిలుస్తుంది. ఫ్లోరైడు ఎక్కువై తయారైన పైపొర మీద ఆమ్లం సరిగా పనిచేయదు, కాబట్టి జిగురు పట్టు తక్కువగా ఉంటుంది, జొన్నరొట్టె నమిలినా ఆ ముక్కలు ఊడిపోయే ప్రమాదం ఉంది. ఊడిన ప్రతిసారీ మళ్ళీ వెళ్ళాలి, చికిత్స అంతకంత సాగుతుంది. అందుకు తగిన పద్ధతులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి. కానీ ఇంత శ్రమ పడి పళ్ళను వరసలో పెట్టుకున్నా చారలు చారలుగానే ఉంటాయి కదా, వాటికి మళ్ళీ వేరే వైద్యం చేయించుకోవాలి కదా అని లెక్క వేసుకుని ఊరుకున్నవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమందో ఉన్నారు.

చికిత్స పూర్తయితే పని అయిపోయినట్టు కాదని కూడా మీరు తెలుసుకోవాలి. కదిలించిన పళ్ళు పాత చోటుకే తిరిగి వెళ్ళాలని చూస్తాయి. చిగుళ్ళలోని నారపోగులు వాటిని వెనక్కు లాగుతాయి, వయసుతో పాటు కింది ముందు పళ్ళు ఎవరికైనా ఇరుకు కావడం సహజం. అందువల్ల రిటైనరు అనే పరికరాన్ని ఏళ్ళ తరబడి, చాలామంది జీవితాంతం, రాత్రిపూట పెట్టుకోవలసి ఉంటుంది. చక్కెర వ్యాధి అదుపులో లేనివాళ్ళకు, చిగుళ్ళ వ్యాధి ఉన్నవాళ్ళకు ముందు వాటిని నయం చేయకుండా క్లిప్పులు వేయడం ప్రమాదం, ఎందుకంటే వదులైన ఎముకలో పన్నును నెడితే పన్నే ఊడిపోవచ్చు. ఎముకలు గట్టిపడటానికి వాడే కొన్ని మందులు కూడా పన్ను కదలికను మందగింపజేస్తాయి. ఇవన్నీ పెద్ద వయసు సంగతులు.

కొందరికి పళ్ళ వరసతో బతుకుతెరువు ముడిపడి ఉంటుంది. మన వీధి చివర ఉండే నాదస్వర విద్వాంసుడిని మీరు చూసే ఉంటారు. ఆయన పై పళ్ళలో ఒకటి ముందుకు వచ్చి పక్క పన్నును కప్పుతుంది. నాదస్వరం కొసన ఊదడానికి ఉండే పీకను పెదవుల నడుమ పట్టుకుని, వెనక ఉన్న పళ్ళ ఆసరాతో పెదవులను బిగించి, ఎంత గాలి వదలాలో అంతే వదలడం ఆయన చిన్నప్పటి నుంచి ఆ పళ్ళతోనే నేర్చుకున్నాడు. ఆయన ఊదుతున్నప్పుడు దగ్గరగా చూస్తే, పీక నోటి మధ్యలో ఉండదు, ఆ పన్ను వదిలిన చోటుకు తగ్గట్టు కాస్త ఎడమకు జరిగి ఉంటుంది. పన్నును జరిపితే పెదవి ఆసరా మారుతుంది, తిరిగి అలవాటు పడటానికి ఎంత కాలం పడుతుందో, పెళ్ళిళ్ళ కాలమంతా పోతుందో ఏమోనని ఆయన భయం. అది సహేతుకమైన భయం. 1946లో జాంజిబార్‌లో పుట్టి, మన దేశంలోని పంచగనిలో చదువుకుని, ఇంగ్లండులో పెద్ద గాయకుడైన ఫ్రెడ్డీ మెర్క్యురీకి పై దవడలో అదనపు పళ్ళు ఉండి, ముందు పళ్ళు ఎత్తుగా కనిపించేవి. వాటిని సరిచేయిస్తే తన గొంతు మారిపోతుందేమోనని ఆయన అలాగే ఉంచుకున్నాడు.

మరి వంకర పళ్ళ వల్ల నష్టమే లేదా అని మీకు అనుమానం రావచ్చు. కొన్నిటి వల్ల ఉంది, కొన్నిటి వల్ల లేదు. పళ్ళ పొందికను ఎట్లా పోల్చుకోవాలో 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా వైద్యుడు ఒక పద్ధతి చెప్పాడు, దాన్నే నేటికీ డాక్టర్లు వాడుతున్నారు. అతడు ముందు పళ్ళను కాక, ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడపళ్ళు పైవీ కిందివీ ఎట్లా కలుస్తున్నాయో ముందుగా చూడమన్నాడు. అవి సరిగా కలిస్తే, ముందు పళ్ళు కాస్త ఒంకరగా ఉన్నా చాలామందికి నమలడంలో ఇబ్బంది ఉండదు. కింది పన్ను అంగిలిని గుచ్చుతున్నా, పళ్ళు ఒకదానినొకటి అరగదీస్తున్నా, నోరు మూస్తే పళ్ళు కలవకపోయినా చికిత్స అవసరమే, అట్లాంటివాళ్ళు ఊరుకోకూడదు. ఒంకరగా ఉన్నంత మాత్రాన పన్ను పుచ్చిపోదు, ఇరుకులో పాచి నిలిచిపోతేనే పన్ను పుచ్చుతుంది, ఆ పాచి గార కడితే చిగురు వాస్తుంది. మీ పెద్దమ్మ రాత్రి భోజనమయ్యాక అద్దం ముందు నిలబడి, పళ్ళ సందుల్లో దూరే సన్నని బ్రష్షును ఆ ఎక్కిన పన్ను వెనకకు ఏటవాలుగా పోనిచ్చి, మెల్లగా రెండు వైపులా తిప్పి తీస్తుంది. ఆరు నెలలకొకసారి డాక్టరు చేత గార తీయించుకుంటుంది. వరస బాగున్న పళ్ళు ఉండి, ఆ పని చేయనివాళ్ళ కన్నా ఆమె చిగుళ్ళు గట్టిగా ఉన్నాయి.

డబ్బు సంగతి దాచవలసిన పని లేదు. చికిత్సకు పదుల వేల రూపాయలు అవుతాయి. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల నుంచి నెలకొకసారి బస్సెక్కి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. వాన రాక వేరుశనగ ఎండిన ఏడు ఇంట్లో ముందు ఏ ఖర్చు ఆపుతారో మీకు తెలుసు. తన పళ్ళ కోసం దాచిన సొమ్మును కూతురి కాలేజీ ఫీజుకు కట్టిన తల్లిని చూసి జాలిపడకండి, ఆమె చేసిన పనిని గౌరవించండి.

చివరగా చెప్పేది కొందరు బయటికి చెప్పుకోని కారణం. కొందరికి తమ ముఖం అట్లాగే ఇష్టం. పెద్దమ్మ పన్ను అచ్చంగా మా అమ్మ పన్నే. మా అమ్మకు కూడా అదే పక్క, అదే పన్ను అట్లాగే ఎక్కి ఉండేది. పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమని మన పెద్దలు అనేవారు. అదృష్టం సంగతి నేను చెప్పలేను గాని, ఆ మాట విని పెరిగిన ఆడపిల్లకు అద్దం ముందు సిగ్గు కలగలేదన్నది మాత్రం నిజం. బడిలో ఎత్తుపళ్ళోడా అని పేరు పెట్టి పిలిచిన పిల్లవాడికి ఆ ధైర్యం ఉండదు, పెద్దయినా చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతాడు. అట్లాంటి పేర్లు మీ నోట రాకూడదు. పెళ్ళిచూపుల్లో, ఉద్యోగాల్లో పళ్ళను చూసి మాట అనేవాళ్ళు ఉన్నారు, అందుకు భయపడి క్లిప్పులు వేయించుకున్నవాళ్ళనూ నేను తప్పు పట్టను.

ఇక మన చిన్నోడి పళ్ళ విషయం. పెద్దమ్మ వద్దనుకుంది కాబట్టి తనకూ వద్దని వాడు అంటున్నాడట. వాడి విషయం వేరు. వాడికి పదకొండేళ్ళు, పాలపళ్ళు ఇంకా రెండు ఉన్నాయి, దవడ పెరుగుతోంది, పై పళ్ళు బాగా ముందుకు ఉన్నాయి. అట్లాంటి పళ్ళు ఆటల్లో కింద పడినప్పుడు విరిగే అవకాశం ఎక్కువ, వాడేమో రోజూ కబడ్డీ ఆడతాడు. ఫోనులో ఎవరో చూపించినట్టు రబ్బరు బ్యాండు తగిలించి పళ్ళ సందు మూసుకోవాలని ఎవరూ ప్రయత్నించకండి. అది చిగురు లోపలికి జారి, వేరు వెంట పైకి పాకి, మంచి పళ్ళను ఊడగొట్టిన సందర్భాలు ఉన్నాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు వాడి దవడపళ్ళు ఎట్లా కలుస్తున్నాయో, ఇప్పుడే మొదలుపెట్టాలో, మిగిలిన పాలపళ్ళు ఊడేదాకా ఆగవచ్చో, పళ్ళు పీకవలసి వస్తుందో లేదో, రిటైనరు ఎన్నేళ్ళు పెట్టుకోవాలో, చేయించకపోతే ఏమవుతుందో అడగండి. జవాబులు వాడి చేతనే కాగితం మీద రాయించి, ఎక్స్‌రే తీస్తే దాని ఫోటోతో సహా నాకు పంపండి.

ఇట్లు,
మీ అవ్వ