గోడ మీద చేతి మరక

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెద్దమ్మ ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధి అరుగు, ఒకదాని వెనక ఒకటిగా గదులు, చివర పెరట్లో బాత్‌రూమ్. ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు వంటింటి గుమ్మం పక్క గోడ మీద నల్లటి జిడ్డు మరక కనిపించింది. నిరుడే సున్నం వేయించిన గోడ! కాసేపటికి పెద్దమ్మ గడప దాటుతూ సరిగ్గా అక్కడే అరచెయ్యి ఆన్చింది.

"ఎప్పుడైనా పడ్డావా పెద్దమ్మా?"

"లేదమ్మా."

డాక్టరు ఒరియాలో అడిగినా అదే జవాబట. రాత్రి పక్కలో చేరి మళ్లీ అడిగాను. "పడలేదే. దసరా ముందు పెరట్లో కాలు జారి కూర్చుండిపోయాను. అన్నయ్యకి చెప్పకు" అంది.

వైద్యుల లెక్కలో అదీ పడటమే. దెబ్బ తగలకపోయినా, అనుకోకుండా నేలకు చేరితే చాలు. ఒకసారి పడ్డవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ కాబట్టి, ఏడాదిలో పడ్డారా అన్నదే మొదటి ప్రశ్న. నడకలో తూలుతున్నారా, పడతామని భయమా అన్నవి ఆ తర్వాత. 65 దాటినవాళ్లలో ఏటా సుమారు ముగ్గురిలో ఒకరు పడతారు. ప్రపంచంలో ఏటా 6,84,000 మంది పడటం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

1991 నుంచి వాడుకలో ఉన్న ఒక తేలిక పరీక్ష ఉంది. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే జాగ్రత్తపడాలి. పెద్దమ్మకి 17 పట్టింది. లేవడానికి కుర్చీ చేతుల్ని గట్టిగా నొక్కింది, అంటే తొడల్లో బలం తగ్గింది. వెనక్కి తిరిగేచోట చిన్నచిన్న అడుగులు ఏడెనిమిది వేసింది. తిరిగేటప్పుడు కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల స్పర్శ మూడూ ఒకేసారి మెదడుకి కబురు అందించాలి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారితే అందులో ఒకటి లోపించినట్టే.

అయితే సెకన్లు ఒక్కటే చూసి తేల్చేయకూడదు. పడుకున్నప్పుడు, లేచాక, రెండుసార్లు బీపీ చూడాలి. నిలబడ్డ 3 నిమిషాల్లోగా పై అంకె 20 తగ్గితే కళ్లు తిరిగి పడొచ్చు. పెద్దమ్మకి 142 నుంచి 116కి దిగింది. డాక్టరు బీపీ మాత్రల మోతాదు మార్చారు, నిద్రమాత్ర మెల్లగా తగ్గిస్తున్నారు. మేం పెరట్లో లైటు పెట్టించాం.

ఇప్పుడు ఫోన్లో "పడ్డావా" అని అడగడం లేదు. "ఎక్కడైనా కూర్చుండిపోయావా" అని అడుగుతున్నాను.