జెడ్-ఇండెక్స్ అంకె పెంచితే పైకి వస్తుందా? సీఎస్ఎస్ మీద అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా వెబ్ పేజీలు రాస్తూ, తోటివారి కోడ్‌ను సమీక్షిస్తూ ఉన్నాను. వెబ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పే భాష సీఎస్ఎస్; అందులో ఒకదాని మీద ఒకటి పడే భాగాల్లో ఏది పైన ఉండాలో అంకెతో చెప్పే ప్రాపర్టీ జెడ్-ఇండెక్స్. ఇన్నేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ఫిర్యాదు ఒక్కటే: "జెడ్-ఇండెక్స్ 9999 ఇచ్చానండీ, అయినా పైకి రావడం లేదు." ఆ మాట వెనుక కనీసం ఒక రోజు వృథా అయిన పని ఉంటుంది. చాలాసార్లు "నాకు ఈ ఉద్యోగం చేతకాదేమో" అన్న దిగులు కూడా ఉంటుంది.

అపోహ: జెడ్-ఇండెక్స్ అంకె ఎంత పెద్దదైతే ఎలిమెంట్ (పేజీలోని ఒక భాగం) అంత పైన కనిపిస్తుంది.

వాస్తవం: పేజీ మొత్తానికి ఒకే వరుస లేదు. కొన్ని ఎలిమెంట్లు తమ లోపల ఉన్నవాటన్నిటికీ ఒక స్టాకింగ్ కాంటెక్స్ట్‌ను, అంటే విడి దొంతరను, ఏర్పరుస్తాయి; ఆ లోపలి అంకెలను బ్రౌజర్ అదే కాంటెక్స్ట్‌లోని వాటితో మాత్రమే పోలుస్తుంది. బల్ల మీద పుస్తకాల దొంతర ఉంటే, కింది పుస్తకంలోని 500వ పుట పై పుస్తకంలోని ఏ పుట మీదికీ రాలేదు. పైకి రావాలంటే కదలవలసింది పుట కాదు, పుస్తకం.

ఎలిమెంట్ స్థానాన్ని ఎలా లెక్కించాలో చెప్పే పొజిషన్‌తో పాటు జెడ్-ఇండెక్స్ ఇస్తే ఈ కాంటెక్స్ట్ ఏర్పడుతుందని చాలామందికి తెలుసు. ఒపాసిటీ (ఎంత గాఢంగా కనిపించాలో చెప్పేది) 1 కన్నా తగ్గినా, ట్రాన్స్‌ఫార్మ్ (జరపడానికి, తిప్పడానికి వాడేది) గానీ ఫిల్టర్ (మసక వంటి ప్రభావాలకు వాడేది) గానీ పెట్టినా, పొజిషన్ ఫిక్స్‌డ్ లేదా స్టికీ (స్క్రోల్ చేసినా తెరకు అతుక్కునే రకాలు) అయినా ఏర్పడుతుందన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఒపాసిటీ 0.99 అని రాస్తే కంటికి తేడా తెలియదు, కానీ లోపలి అంకెలన్నీ అక్కడే చిక్కుపడిపోతాయి. లోపలి భాగాలన్నిటినీ ఒకే చిత్రంగా కలిపి ఆ తర్వాత పలచన చేయవలసి రావడమే దీనికి కారణం. కారణం సబబైనదే, కానీ ఆ ప్రాపర్టీ పేరు చూసి ఈ పర్యవసానాన్ని ఎవరూ ఊహించలేరు, ఊహించలేకపోవడం మీ తప్పు కాదు.

కొన్నేళ్ల క్రితం మా బృందంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, విడుదలకు ముందు రోజు సాయంత్రం కళ్లనీళ్లతో నా బల్ల దగ్గరికి వచ్చింది. తేదీ ఎంచుకునే క్యాలెండర్ తెరుచుకుంటోంది గానీ, దాని సగభాగం కింద ఉన్న కార్డుల వెనక్కి వెళ్లిపోతోంది. మూడు రోజులుగా ఆమె అంకె పెంచుతూనే ఉంది: 99, 9999, చివరికి 2147483647. అది 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ సంఖ్య, ఆపైన పెంచడానికి ఏమీ మిగలలేదు. ఎవరో ఆమెకు బ్రౌజర్‌లోనే దోషం ఉందని చెప్పారట. అసలు సంగతి ఏమిటంటే, ఫారం ఉన్న సెక్షన్‌కూ కార్డులున్న సెక్షన్‌కూ కిందినుంచి పైకి జరిగే యానిమేషన్ ఉంది, అది ముగిశాక కూడా రెండింటి మీదా ట్రాన్స్‌ఫార్మ్ మిగిలిపోయింది. రెండూ సమాన స్థాయిలో నిలిచాయి కాబట్టి కోడ్‌లో తర్వాత వచ్చిన కార్డులే పైన కనిపించాయి. ఫారం సెక్షన్‌కు పొజిషన్ రెలెటివ్, జెడ్-ఇండెక్స్ 1 ఇవ్వగానే సరిపోయింది. ఆ పొజిషన్ రాయకపోతే ఆ 1 కూడా పనిచేసేది కాదు, ఎందుకంటే ఫ్లెక్స్, గ్రిడ్ అనే అమరికల్లోని ఐటమ్‌లను మినహాయిస్తే పొజిషన్ లేని ఎలిమెంట్ మీద జెడ్-ఇండెక్స్‌కు ప్రభావమే ఉండదు. సెక్షన్‌కు ట్రాన్స్‌ఫార్మ్ వల్ల కాంటెక్స్ట్ ఏర్పడుతుంది, కానీ జెడ్-ఇండెక్స్ అందదు. ఈ వైరుధ్యాన్ని ఎవరూ చెప్పకుండా ఒక కొత్త మనిషి ఎలా కనిపెట్టగలదు?

సీఎస్ఎస్‌ను రూపొందించే డబ్ల్యూ త్రీ సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) కార్యవర్గమే తన వికీలో, భాష రూపకల్పనలో జరిగిన పొరపాట్ల జాబితాను బహిరంగంగా ఉంచింది. జెడ్-ఇండెక్స్‌కు వేరే పేరు ఉండవలసిందనీ, అది అన్ని ఎలిమెంట్ల మీదా పనిచేయవలసిందనీ అందులోనే ఉంది. 1996 డిసెంబరులో మొదటి ప్రమాణం వెలువడినప్పటి నుంచి రాసిన పేజీలు చెడిపోకూడదు కాబట్టి వాటిని ఇప్పుడు మార్చలేరు. కనుక అంకె పెంచే ముందు, తల్లి ఎలిమెంట్ల వరుసలో పైకి వెళ్తూ ఏది కాంటెక్స్ట్‌ను ఏర్పరుస్తోందో చూడండి. పేజీలో అన్నిటి మీదా కనిపించవలసిన పెట్టె అయితే డైలాగ్ ఎలిమెంట్‌ను మోడల్‌గా (showModal తో) తెరవండి. అది పేజీ మొత్తానికీ పైన ఉండే టాప్ లేయర్‌లోకి వెళ్తుంది కాబట్టి ఈ లెక్కలేవీ దాన్ని తాకవు. 2022 మార్చి నాటికే ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ అది వచ్చేసింది.

మిగిలిన అపోహలకు ఇంత చర్చ అవసరం లేదు. ఒక నియమం మిగతావాటిని గెలిచేలా దాని పక్కన ఇంపార్టెంట్ (!important) అని రాస్తే సమస్య తీరుతుందన్నది ఒకటి. పెద్ద అక్షరాలు కావలసిన పాఠకుడి సొంత స్టైల్, పేజీ రచయిత స్టైల్‌ను దాటి నిలవడానికి 1998 నాటి రెండో ప్రమాణం దానికి ఆ బలం ఇచ్చింది. మన నియమాలు మనలోనే పోట్లాడుకోవడానికి కాదు, అందుకు, ఏ నియమాల గుంపు దేన్ని గెలవాలో చెప్పే లేయర్లు 2022లో వచ్చాయి. విడ్త్ (వెడల్పు) 300 అంటే పెట్టె 300 పిక్సెళ్లే ఉంటుందన్నది మరొకటి. ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇరువైపులా 20, బోర్డర్ (అంచు గీత) ఇరువైపులా 1 ఉంటే అది 342 అవుతుంది. ఆ రెంటినీ విడ్త్‌లోనే కలిపి లెక్కించే బోర్డర్-బాక్స్ డిఫాల్ట్‌గా ఉండవలసిందని పైన చెప్పిన పొరపాట్ల జాబితాలోనే ఉంది.

తెలుగు పేజీలు రాసేవారు ఎక్కువగా నమ్మే మాట ఇంకొకటి ఉంది: శీర్షికలో ఒత్తులు తెగిపోతే ఫాంట్ బాగాలేదని. పది ఫాంట్లు మార్చి చూసినవారిని నేనెరుగుదును. ఇంగ్లీషు అక్షరాలకు సరిపడేలా లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.2 పెట్టి, ఓవర్‌ఫ్లో హిడెన్ చేసిన (బయటికి పొంగినదాన్ని దాచేసే) పెట్టెలో, పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు ఉన్న అక్షరానికి చాలాసార్లు చోటు చాలదు. ముందు ఆ ఓవర్‌ఫ్లో తీసేసి, లైన్-హైట్‌ను 1.6 దగ్గర మొదలుపెట్టి, "రాష్ట్రీయ", "స్త్రీ" అన్న పదాలను శీర్షికలో పెట్టి చూడండి.