తీగకు ఉప్పు అంటకముందే

హన్మకొండ,
వానకాలం

పిల్లలకు దీవెనలు.

మూడు రోజులుగా ముసురు వదలడం లేదు. దండెం మీద బట్టలు ఆరవు, వంటింట్లో ఉప్పు డబ్బా తీస్తే ఉప్పంతా తడిసి ముద్దయి ఉంది. ఆ ఉప్పును చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. నిన్న క్లాసులో మీలో ఒకరి వేళ్ల కొసలకు గోధుమరంగు మరక కనిపించింది. అది మట్టి కాదు బిడ్డా, తీగల తుప్పు. గిటార్ కొని నాలుగు నెలలు కూడా కాలేదు కదా, నాకు చాలా బాధేసింది.

మీ చెమటలో ఉప్పు ఉంటుంది. మీరు వాయించి పక్కన పెట్టగానే చెమట ఆరిపోతుంది, ఉప్పు మాత్రం తీగ మీదే ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు, మన డబ్బాలో ఉప్పులాగే, తేమను లాక్కుని నీరవుతుంది. ఉక్కుకు ఉప్పునీళ్ల కంటే పెద్ద శత్రువు లేదు. తప్పంతా వానదే అనుకుంటాం గానీ, తుప్పుకు సగం సరుకు మన వేళ్లే ఇస్తున్నాయి.

అకూస్టిక్ గిటార్‌లో సన్నని రెండు తీగలు ఉత్త ఉక్కువి, పైన పల్చగా తగరం పూత ఉంటుంది. లావు తీగలు నాలుగూ ఉక్కు తీగకు మరో తీగ చుట్టి చేసినవి. ప్యాకెట్ మీద 80/20 బ్రాంజ్ అని ఉంటే ఆ చుట్టులో 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు. పేరుకు కంచు, నిజానికి మన పెంబర్తి కళాకారులు మలిచే ఇత్తడి లాంటిదే. అందుకే దీపపు సెమ్మె నల్లబడినట్టే ఇదీ నల్లబడుతుంది. అలాగని సెమ్మెను తోమినట్టు చింతపండుతో మాత్రం తోమకండి. ఆ పులుపు, నీళ్లు చుట్ల మధ్యలోకి దిగి లోపలి ఉక్కును తినేస్తాయి. కొబ్బరినూనె కూడా వద్దు, దుమ్మంతా పట్టి తీగ మొద్దుబారుతుంది. చుట్ల సందుల్లో మురికి చేరితే తీగ బరువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అప్పుడు శ్రుతి చూసే ట్యూనర్ సరిగ్గానే చూపించినా, పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర నొక్కితే శ్రుతి తప్పుతుంది.

ఊరేగింపు ముందు డప్పుకు సెగ చూపించడం మీరు చూసే ఉంటారు. తేమకు వదులైన తోలు ఆ వేడికి బిగుస్తుంది. గిటార్‌కు సెగ పనికిరాదు, జిగురు వదిలిపోతుంది. దీనికి చేయాల్సింది వాయించిన తర్వాత తుడవడం.

సర్వపిండి తిన్న చేత్తో గిటార్ ముట్టుకోకండి. ముందు సబ్బుతో కడుక్కుని, తడి లేకుండా బాగా తుడుచుకోండి. వాయించడం అయిపోగానే మెత్తటి పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగను రెండు వేళ్ల మధ్య పట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగండి. గుడ్డ తీగ అడుగుకు కూడా తగలాలి. తుప్పు మొదలయ్యేది ఎక్కువగా ఆ అడుగునే, ఎందుకంటే అక్కడ ఎవరూ తుడవరు. ఒక్క నిమిషం పని. ఎంత అలసిపోయినా ఇది మానకండి.

తర్వాత గిటార్‌ను కవర్లో పెట్టి, కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేయండి. అవి కొన్నాళ్లకు తేమతో నిండిపోతాయి, మారుస్తూ ఉండాలి. చెమ్మ ఎక్కే గోడకు ఆనించకండి.

నా చదువు రోజుల్లో పరీక్షలని చెప్పి గిటార్‌ను తుడవకుండానే మంచం కిందికి తోశాను. బతుకమ్మ పండక్కి తీస్తే తీగలన్నీ ఎర్రగా ఉన్నాయి. శ్రుతి చేయబోతే మూడో తీగ ఫట్‌మని తెగింది. అప్పట్లో నాకు ఇక్కడ తీగలు దొరకలేదు. హైదరాబాద్ నుంచి ఎవరైనా తెచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ నెల రోజుల వెలితి ఇప్పటికీ గుర్తుంది.

వేలికి గరుకు తగిలితే ఇక ఆ తీగను ఉంచకండి, ఫ్రెట్లను కూడా అరగదీస్తుంది. మార్చేటప్పుడు ముందు వదులు చేసి, ఆ తర్వాతే కత్తిరించండి. బిగుతుగా ఉన్న తీగను కోస్తే ఎగిరి కంటికి తగలొచ్చు. పల్చని ప్లాస్టిక్ పూత ఉన్న కోటెడ్ తీగలు ఖరీదు ఎక్కువే, కానీ చేతులకు చెమట ఎక్కువ పట్టేవాళ్లకు వానకాలంలో అవే మేలు.

ఆదివారం వచ్చేటప్పుడు తలా ఒక పాత నూలు గుడ్డ తెచ్చుకోండి, అంచులు నేను కుట్టి ఇస్తాను.

మీ సారు