గింజ చిన్నదవుతుంది, చెయ్యి చిన్నదవదు

విజయనగరం నుంచి పదో తరగతి అమ్మాయి అడిగింది: "నుమాయిష్‌లో ఒకాయన మా తమ్ముడి పేరు బియ్యపు గింజ మీద రాసిచ్చాడు. ఆయన చెయ్యి వణకదా సార్? సాధన చేస్తే వణుకు పోతుందా?"

పోదమ్మా. ఆయన చెయ్యీ వణుకుతుంది, నీదీ వణుకుతుంది, రోజూ కళ్ళకు శుక్లాల ఆపరేషన్లు చేసే డాక్టరుగారిదీ వణుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఏ చెయ్యైనా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆ కదలిక మిల్లీమీటరులో సుమారు పదో వంతు. ముగ్గు పెట్టేటప్పుడు అదెవరికీ కనిపించదు. గింజ మీద అక్షరం ఎత్తే ఒక మిల్లీమీటరు కాబట్టి అక్కడ కనిపిస్తుంది.

కండరాల అదురు సరే, నాకు ఎక్కువ ఇష్టమైనది గుండె చేసే అల్లరి. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కదలకుండా కూర్చో. పై కాలి బొటనవేలిని గమనించు. నాడితో పాటు చిన్నగా ఊగుతుంది. కూర్చుని కాళ్ళు ఊపితే దరిద్రమని మా నాయనమ్మ తొడ మీద ఒక్కటిచ్చేది. నేను ఊపడం లేదు, మోకాలి వెనక రక్తనాళం ఊపుతోందని అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది! ఇంకా బాగా కనిపించాలంటే శనగగింజంత చపాతీ పిండిలో జానెడు చీపురుపుల్ల గుచ్చి, మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే చోట అంటించు. పుల్ల కొస గడియారం లోలకంలా ఊగుతుంది.

గుండె ఒక్కో దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని విసురుతుంది. తుపాకీ పేలితే భుజాన్ని వెనక్కి తన్నినట్టు, ఆ విసురుకి ఒళ్ళంతా రవ్వంత వెనక్కి తంతుంది. కదిలే బల్ల మీద మనిషిని పడుకోబెట్టి ఈ తన్నుని గీతలుగా నమోదు చేసే యంత్రాన్ని 1930ల చివర్లో ఐజాక్ స్టార్ అనే అమెరికా వైద్యుడు తయారు చేశాడు.

ఇంగ్లండ్‌లో విల్లార్డ్ విగన్ అనే శిల్పి ఉన్నాడు, 1957లో పుట్టాడు. అయిదేళ్ళ వయసులో చీమలకు ఇళ్ళు కట్టడంతో మొదలుపెట్టి, ఇప్పుడు సూది బెజ్జంలో బొమ్మలు నిలబెడుతున్నాడు. ఊపిరి బిగబట్టి, గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య దొరికే విరామంలోనే చెక్కుతానంటాడు. నిమిషానికి 72 దెబ్బలనుకుంటే దెబ్బకీ దెబ్బకీ ఎడం సెకనులో ఆరింట అయిదు వంతులు. అందులో గుండె సేదతీరేది అర సెకను. పని అంతా ఆ అర సెకనులోనే. తుపాకీ గురి పోటీల వాళ్ళూ ఇదే ఎడాన్ని వెతుక్కుంటారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు రెండు పతకాలు గెలిచి, ప్రొప్రనొలాల్ వాడినట్టు తేలి రెండూ పోగొట్టుకున్నాడు. అది బలం పెంచే మందు కాదు. గుండె దూకుడునీ చేతి వణుకునీ తగ్గించే మందు.

ఇక అసలు లెక్క. 1.7 మీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మనిషిని సూది బెజ్జంలో పట్టేలా అర మిల్లీమీటరుకి కుదించామనుకో. ఎత్తు 3,400 రెట్లు తగ్గింది. ఒంటి ఉపరితలం 3,400ని 3,400తో హెచ్చవేసినన్ని రెట్లు, అంటే కోటీ 15 లక్షల పైచిలుకు రెట్లు తగ్గింది. బరువుకి ఇంకోసారి హెచ్చవెయ్యాలి: 3,930 కోట్ల రెట్లు! ఆ మనిషి ఇప్పుడు రెండు మైక్రోగ్రాములు కూడా తూగడు. గ్రాముని పది లక్షల ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కలకు తక్కువ.

బరువు అంత పడిపోయింది, దేనికైనా అంటుకునే ఒళ్ళు మాత్రం అంత తగ్గలేదు. బరువుతో పోలిస్తే అంటుకునే గుణం 3,400 రెట్లు పెరిగినట్టే. నీటి తలతన్యత, అంటే బొట్టుని గుండ్రంగా పట్టి ఉంచే బిగువు, దాని సంగతి ఇంకా ఘోరం. అది పొడవుని బట్టి తగ్గుతుంది కాబట్టి బరువు ముందు కోటీ 15 లక్షల రెట్లు బలిసిపోతుంది. అందుకే శిల్పి బొమ్మని పట్టకారుతో పెట్టి వదిలితే అది వదలదు, పట్టకారుకే అతుక్కుని పైకి లేస్తుంది. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు ఏ ప్లాస్టిక్ ముక్కైనా దాన్ని లాక్కుంటుంది. జిగురు బొట్టు దానికి చెరువు. కింద పడితే మాత్రం చీమలాగే విరగదు. వెతకడానికే ఒక పూట పడుతుంది.

గాలీ అంతే. విగన్ ఒక పిల్లల కథలోని టీ విందు దృశ్యం చేస్తూ, ఆలిస్ బొమ్మని ఊపిరితో పాటు లోపలికి పీల్చేశాడు. మళ్ళీ చేసుకున్నాడు.

ఈ చదరం, ఘనం సంగతంతా పదో తరగతి క్షేత్రమితిలో ఉన్నదే. అక్కడ గుడారానికి గుడ్డ ఎంత, ఐస్‌క్రీమ్ కోనులో ఎంత పడుతుంది అని నాలుగేసి మార్కుల లెక్కలు చేయించి వదిలేస్తారు. చీమ గోడ ఎందుకెక్కుతుందో, మనం ఎందుకెక్కలేమో ఆ సూత్రాల్లోనే ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

పెన్సిల్ ములుకు మీద చెక్కేవాళ్ళకి కష్టం ఇంకోలా వస్తుంది. బ్రెజిల్‌లో పుట్టి అమెరికాలో వడ్రంగం చేసే డాల్టన్ గెట్టి, రేజరు బ్లేడూ కుట్టుసూదీ పట్టుకుని, భూతద్దం లేకుండానే ములుకు కొసన బొమ్మలు తీస్తాడు. ఇంగ్లిషు అక్షరాలు 26 చెక్కడానికి రెండున్నరేళ్ళు పట్టింది. ములుకు అంటే సీసం కాదు, గ్రాఫైటు పొడినీ బంకమట్టినీ కలిపి కాల్చినది. 1795లో ఫ్రాన్సులో కాంటే కనిపెట్టిన పద్ధతి ఇది. కాలిన మట్టి కాబట్టి కుండపెంకులా వంగకుండా పుటుక్కుమంటుంది. ఇక్కడా ఆ ఘనమే అడ్డొస్తుంది. గుండ్రటి పుల్ల వంపుకి ఎంత ఓర్చుకుంటుందన్నది దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మెడ దగ్గర మందం సగం చేస్తే ఓర్పు ఎనిమిదో వంతుకి దిగుతుంది. ఇంకో సగం చేస్తే అరవై నాలుగో వంతు. బొమ్మ సన్నబడుతూ పోతుంది, పైన బ్లేడు పట్టిన చెయ్యి మాత్రం మొదటి రోజు ఎంతుందో అంతే, వణుకూ అంతే. విరిగిన బొమ్మల్ని గెట్టి పారేయలేదు. వాటిని గుచ్చి దాచుకుని, ఆ పెట్టెకి శ్మశానమని పేరు పెట్టుకున్నాడు.

మీ నుమాయిష్ ఆయన ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. ఒకసారి ఇలాంటి దుకాణం ముందు పావుగంట నిలబడి చూశాను. గింజని మైనం ముద్దలో పాతిపెట్టాడు. రెండు మోచేతులూ బల్లకి ఆనించి, చిటికెన వేళ్ళు ఒకదానికొకటి మోపు చేశాడు. చెరో వైపు వణికే రెండు చేతులు కాస్తా ఒకటిగా వణికాయి. పెన్నూ గింజా కలిసి ఊగితే గీతకి ఇబ్బంది లేదు. రాస్తున్నంతసేపూ బేరాలకు జవాబు చెప్పలేదు. తెలుగులో రాయమంటే మాత్రం ఒప్పుకోలేదు. తలకట్టు, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు పట్టాలంటే గింజకి ఎత్తు చాలదట. ఇంటికొచ్చి సోనా మసూరి గింజ మీద 0.1 మిల్లీమీటరు పెన్నుతో 'అ' రాయబోయాను. సిరా పీల్చుకుని గింజ మీద ఈగ వాలినట్టయింది.

గింజని ఆయన నూనె పోసిన సన్నటి గాజు గొట్టంలో వేసిచ్చాడు కదా, అది అందానికే కాదు. నూనె నిండిన గుండ్రటి గొట్టం ఒక భూతద్దం. అయితే అడ్డంగానే పెంచుతుంది, పొడవుని ముట్టుకోదు. నడిమధ్యన ఉన్న వస్తువు వెడల్పు సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. తమ్ముడు ఒప్పుకుంటే ఆ నూనె వంచేసి చూడు, సన్నబియ్యం. మళ్ళీ పోసి చూడు, రేషన్ బియ్యం.