పేపర్లో చూడని కామిక్స్ మీద మనకింత ప్రేమ ఎక్కడిది?

పాత కామిక్ స్ట్రిప్పుల్ని, అంటే పేపర్లో రోజూ మూడు నాలుగు గడుల్లో వచ్చే బొమ్మల కథల్ని, పుస్తకాలుగా వేస్తే జనం కొనేది జ్ఞాపకాల కోసమేనని ఒక మాట చాలా రోజులుగా చలామణిలో ఉంది. చిన్నప్పుడు పొద్దున్నే పేపరు లాక్కుని ముందు కామిక్స్ పేజీ చూసినవాళ్లు, పెద్దయ్యాక అవే అట్టకట్టి వస్తే తెచ్చి దాచుకుంటారు, అంతే అంటారు. అమెరికా వాళ్ల విషయంలో నిజమే కావచ్చు. హన్మకొండ సంగతేంటి మరి? మా ఇళ్లకు వచ్చింది తెలుగు పేపరు. దాంట్లో రోజూ మొదటి పేజీలో ఒక పాకెట్ కార్టూన్ ఉండేది గానీ, వరసగా ఏడెనిమిది స్ట్రిప్పులతో నిండిన పేజీ అనేది మేం చూసి ఎరగం. ఇంగ్లిష్ పేపరు వేయించుకునే ఇల్లు వాడకు ఒకటుంటే గొప్ప. అయినా సరే, కాజీపేటలోనో కరీంనగర్‌లోనో నలభై దాటిన వాళ్లను కదిపి చూడండి. కామిక్స్‌లోని ముసుగు వీరుడు ఫాంటమ్ గుద్దితే దవడ మీద పుర్రె ముద్ర పడుతుందని, అది ఎప్పటికీ పోదని నిన్న చదివినట్టే చెప్తారు. పేపర్లో ఒక్కరోజు కూడా చూడని దాని మీద ఇంత మమకారం ఉందంటే దాన్ని పేపరు జ్ఞాపకం అనలేం కదా.

అసలు స్ట్రిప్ పుట్టిందే పేపరు అమ్ముకోడానికి. 1895లో న్యూయార్క్ వరల్డ్‌లో రిచర్డ్ ఔట్‌కాల్ట్ గీసిన పసుపు చొక్కా పిల్లాడు జనానికి నచ్చితే, మరుసటి ఏడాదే ఇంకో పేపరు యజమాని హర్‌స్ట్ ఎక్కువ డబ్బులిచ్చి ఆ బొమ్మలాయన్ని తన పేపరుకు లాక్కున్నాడు. వరల్డ్ యజమాని పులిట్జర్ ఊరుకుంటాడా, ఇంకొకరిని పెట్టి అదే పిల్లాణ్ని గీయించాడు. కొన్నాళ్లు రెండు పేపర్లలో ఒకే పిల్లాడు! రోజూ వచ్చే స్ట్రిప్ నిలదొక్కుకున్నది 1907లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో బడ్ ఫిషర్ గీసిన మట్ అండ్ జెఫ్‌తో. మూడేళ్లు తిరగకముందే, 1910లోనే, దాన్ని పుస్తకంగా వేశారు. అంటే స్ట్రిప్పుల్ని కలిపి కుట్టి అమ్మడం నిన్న మొన్నటి ముచ్చట కాదు, దానికీ వందేళ్లు దాటింది.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. ఇవాళ మనం కామిక్ బుక్ అంటున్న వస్తువే పేపరు స్ట్రిప్పుల సంకలనంగా మొదలైంది. 1933-34 ప్రాంతంలో ఈస్టర్న్ కలర్ అనే ప్రింటింగ్ కంపెనీ ఆదివారం పేజీల్ని చిన్న సైజుకు మడిచి పుస్తకాలు చేసింది. పది సెంట్లకు అమ్మిన ఫేమస్ ఫన్నీస్‌లో ఉన్నవి ఎక్కువగా పాత స్ట్రిప్పులే. సూపర్‌మ్యాన్ సంగతి ఇంకా విచిత్రం. వాణ్ని పుట్టించిన సీగెల్, షుస్టర్ ఆ కథను పేపర్ల కోసం స్ట్రిప్పులుగా గీసుకుని తిరిగారు, ఎవరూ తీసుకోలేదు. చివరికి 1938లో ఆ గడుల్నే కత్తిరించి పుస్తకం పేజీలకు సరిపోయేలా అతికించి ఇచ్చారు.

స్ట్రిప్ ఎందుకలా ఉంటుందో అర్థం కావాలంటే సిండికేట్ల గురించి తెలియాలి. ఒక బొమ్మలాయన గీస్తాడు, కింగ్ ఫీచర్స్ లాంటి కంపెనీ దాన్ని వందల పేపర్లకు అమ్ముతుంది. అట్టలాంటి అచ్చుల్ని పోస్టులో పంపేవారు, ఊళ్లో ప్రెస్సువాడు దాంట్లో కరిగిన సీసం పోసుకుని ముద్రించుకునేవాడు. ఏ ఊళ్లో ఎవరు చదువుతారో తెలియదు, నిన్నటిది చూశారో లేదో తెలియదు, ఎడిటరు ఎంత జాగా ఇస్తాడో అసలే తెలియదు. అందుకని ఏ రోజుది ఆ రోజుకు అర్థం కావాలి, రేపటికి కొంచెం మిగలాలి. 1950 అక్టోబర్ 2న చార్లీ బ్రౌన్ అనే పిల్లాడి స్ట్రిప్ పీనట్స్ ఏడు పేపర్లలో మొదలైనప్పుడు దాన్ని నాలుగు సమానమైన గడులతో ఇచ్చింది కూడా జాగా కోసమే. అడ్డంగా వేసుకోవచ్చు, నిలువుగా వేసుకోవచ్చు, రెండు పైన రెండు కింద పెట్టుకోవచ్చు. చార్లెస్ షుల్జ్ ఆ ఇరుకులోనే యాభై ఏళ్లు ఉన్నాడు, 17,897 స్ట్రిప్పులు గీశాడు.

ఈ ఇరుకే పుస్తకంలో పనికొచ్చింది. కరెంటు పోయినప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, అన్నం తింటూ, ఏ పేజీ తీసినా అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. నవలతో ఆ పని కాదు. పైగా పుస్తకం అలా తిరగేసేసరికి, రోజుకొకటి చదివినవాడికి కనిపించనిది మనకు కనిపిస్తుంది: పీనట్స్‌లో చార్లీ బ్రౌన్ తన్నడానికని బంతి పట్టుకున్న లూసీ ఏటా దాన్ని లాగేస్తుంది, వాడు ఏటా నమ్ముతాడు. పేపరు చదివేవాడికి ఆ రెండింటి మధ్య ఒక ఏడాది ఉంటుంది, వాడు మర్చిపోయి ఉంటాడు. పుస్తకంలో అది రెండు వేళ్ల మందమే కాబట్టి చార్లీ మొండితనం మీద నవ్వు, జాలి రెండూ ఒకేసారి వస్తాయి.

అయితే అన్ని స్ట్రిప్పులూ పుస్తకంలో ఇలా ఒదగవు. సాహస కథల్లో రోజూ మొదటి గడిలో నిన్నటి కథ చెప్పాలి. వరసగా చదివితే విసుగొస్తుంది, చెప్పిందే చెప్తున్నాడేంటని. ఇక్కడే ఇంద్రజాల్ కామిక్స్ వాళ్ల పనితనం ఉంది. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ మొదలుపెట్టిన ఈ పుస్తకాల్లో వచ్చిన ఫాంటమ్, ఇంద్రజాలికుడు మాండ్రేక్ కథలు లీ ఫాక్ అమెరికన్ పేపర్ల కోసం రాసినవే (మాండ్రేక్ 1934లో, ఫాంటమ్ 1936లో మొదలయ్యాయి). వీళ్లు గడుల్ని తీసేసి, కుదించి, జరిపి, రంగులేసి చిన్న పుస్తకంలో సర్దేవారు. పేర్లూ మార్చారు. ఫాంటమ్ ఉండే దేశం పేరు బెంగాలీకి దగ్గరగా ఉందని డెంకాలీ చేశారు, సింగ్ అనే సముద్రపు దొంగల్ని సింగా చేశారు. మనవాళ్లకు కోపం రావద్దని చేసిన పని అది. నన్నడిగితే కొన్ని చోట్ల కోత మరీ ఎక్కువైంది, కథ గెంతులేస్తుంది. అయినా 1990లో ఆగిపోయే దాకా స్ట్రిప్ అంటే మా జిల్లాలో చాలామందికి ఇదే. హిందీలో అదే ఫాంటమ్ వేతాళ్ పేరుతో వచ్చేది, రైల్వే క్వార్టర్ల పిల్లల దగ్గర అవీ దొరికేవి. హిందీ చదవడం మాకు పెద్ద లెక్క కాదు.

పుస్తకాలు ఇక్కడికి చేరిన దారులు మూడు. ఒకటి కాజీపేట జంక్షన్. ఢిల్లీ-చెన్నై లైను, హైదరాబాద్ లైను కలిసే చోటు, బండ్లు ఆగే స్టేషను, ప్లాట్‌ఫాం మీద పుస్తకాల స్టాలు. రెండు, కిరాయి పుస్తకాల షాపులు. డిటెక్టివ్ నవలల పక్కనే దారానికి బట్టలు ఆరేసినట్టు వేలాడేసిన కామిక్స్, అక్కడే బల్ల మీద కూర్చుని చదివితే ఒక రేటు, ఇంటికి తీసుకుపోతే ఇంకో రేటు. మూడోది వరంగల్ ఆర్‌ఈసీ అనే ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్ఐటీ. 1959లో పెట్టిన ఆ కాలేజీలో సగం సీట్లు బయటి రాష్ట్రాల పిల్లలవి. వాళ్లతో పాటు ఇంగ్లిష్ పుస్తకాలూ వచ్చేవి, పోయేటప్పుడు కొన్ని ఇక్కడే మిగిలిపోయేవి. నేను పాత పుస్తకాల బండి మీద కొన్న గార్‌ఫీల్డ్ అనే పిల్లి స్ట్రిప్పుల పుస్తకం అట్ట లోపల హాస్టల్ రూం నంబరు రాసి ఉంది, దాని కింద నీలం పెన్నుతో మెస్ బాకీ లెక్క. తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్ మీద పడ్డ మాలాంటోళ్లకు ఆ పుస్తకాలు ఎంత ఆసరానో చెప్పలేను. వాక్యం పొట్టిగా ఉంటుంది, పక్కనే బొమ్మ ఉంటుంది, అర్థం కాకపోయినా ఎవరూ నవ్వరు.

పేపర్లో చూడకుండానే ప్రేమించడం మన ఒక్కళ్ల సంగతే అనుకోవద్దు. అమెరికాలో క్రేజీ క్యాట్ అనే స్ట్రిప్ ఉండేది, జార్జ్ హెరిమన్ 1913 నుంచి 1944లో చనిపోయేదాకా గీశాడు. చాలా తక్కువ పేపర్లు వేసేవి. హర్‌స్ట్‌కు ఇష్టం కాబట్టి బతికింది గానీ లేకపోతే ఎప్పుడో తీసేసేవారు. 1946లో మొదటి సంకలనం వస్తే దానికి ఈ.ఈ. కమింగ్స్ అంతటి కవి ముందుమాట రాశాడు. ఇవాళ దాన్ని గొప్పది అనేవాళ్లలో పేపర్లో చదివినవాళ్లు దాదాపు ఎవరూ మిగిలి ఉండరు. అందరూ మనలాగే పుస్తకంలో చూసినవాళ్లే.

ఆ పుస్తకాలు రావాలంటే ఎవరో పాత పేపర్లు దాచి ఉండాలి. లైబ్రరీలు దాచలేదు. మైక్రోఫిల్మ్ తీసుకుని, నలుపు తెలుపులో మసకబారిన ఫిల్మ్ ఉంచుకుని, రంగుల పేపర్లను బయటపడేశాయి. బిల్ బ్లాక్‌బేర్డ్ అనే ఆయన 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సంస్థ పెట్టి, లైబ్రరీలు వద్దన్న పేపర్లన్నీ తన ఇంటికి తెచ్చుకున్నాడు. గ్యారేజీ నిండింది, గదులు నిండాయి. స్ట్రిప్పులు కత్తిరించి వరసలో పెట్టుకుంటూ పోయాడు. 1990ల చివర్లో అదంతా ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి తరలిస్తే తూకం 75 టన్నులు, ఆరు పెద్ద ట్రక్కులు. తర్వాత వచ్చిన పాత స్ట్రిప్పుల సంకలనాల్లో ఎన్నింటికో మూలం ఈయన దాచిన కాగితాలే.

2004 తర్వాత పెద్ద సెట్ల కాలం మొదలైంది. పీనట్స్ మొత్తాన్ని రెండేసి ఏళ్లు ఒక సంపుటంగా ఫాంటాగ్రాఫిక్స్ అనే ప్రచురణ సంస్థ 2016 దాకా తెచ్చింది, 25 సంపుటాలు, పైన అదనంగా ఇంకొకటి. 2005లో ఒక పిల్లాడు, వాడి బొమ్మ పులి కథల స్ట్రిప్ కాల్విన్ అండ్ హాబ్స్ మూడు సంపుటాల పెట్టె వచ్చింది, బరువు పది కిలోల దాకా ఉంటుంది. దాన్ని బిల్ వాటర్సన్ పదేళ్లు గీసి 1995 డిసెంబర్ 31న ఆపేశాడు, బొమ్మలకు, టీషర్టులకు హక్కులు దాదాపు ఇవ్వనే లేదు. కాబట్టి ఆ పిల్లాడు, ఆ పులి కావాలంటే పుస్తకం కొనక తప్పదు. ఆయనకు పేపర్ల మీద ఇంకో కోపం కూడా ఉండేది, స్ట్రిప్పుల్ని ఏటికేడు కుదిస్తున్నారని. ఆదివారం స్ట్రిప్‌లో పై వరసను పేపర్లు జాగా లేకపోతే కోసేసేవి. ముక్కలు చేయకుండా అర పేజీ ఇస్తేనే అని ఆయన 1992లో పట్టుబట్టి సాధించుకున్నాడు. పుస్తకంలో ఆ గొడవే లేదు, గీసింది గీసినట్టు ఉంటుంది. ఈ పెద్ద సెట్లు నాకు నచ్చవని కాదు గానీ, పది కిలోల పెట్టెను పొట్ట మీద పెట్టుకుని ఎవరు చదువుతారు? అవి బీరువా కోసం. చదివేవి మూలలు మడిగిన పల్చటి పుస్తకాలే.

మరి తెలుగులో ఏమైంది? మనకు చదివేవాళ్ల కొరత లేదు. ఇనుగుర్తి లాంటి పల్లెలో ఒద్దిరాజు సోదరులు 1922లోనే తెనుగు పత్రిక నడిపారు, హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం 1904 నాటిది. బొమ్మల దగ్గరే చిక్కు. ఒక్క పేపరు ఒక్క భాషలో అమ్ముడయ్యే చోట, సిండికేట్ లేకుండా, రోజూ నాలుగు గడులు గీసేవాడికి జీతమిచ్చి పోషించడం ఏ యాజమాన్యానికైనా ఖర్చే. తెప్పించుకున్న స్ట్రిప్‌లో తెలుగు నింపుదామంటే ఇంగ్లిష్ అక్షరాల కొలతకు గీసిన బుడగలో మన గుడులు, వత్తులు పట్టవు, వాక్యం సగం చేయాలి. అందుకే మన పేపర్లు పాకెట్ కార్టూన్‌తో సరిపెట్టుకున్నాయి. అది అద్భుతంగా పండింది కూడా, పేపరు రాగానే ముందు అదే చూసేవాళ్లం. కానీ దాన్ని పుస్తకం చేస్తే ఇబ్బంది. ఆ మంత్రి ఎవరు, ఆ స్కాం ఏంటి, ఏ ఎన్నికలు అని కింద వివరం రాసుకోవాలి. ఆర్.కె. లక్ష్మణ్ సంకలనాలు ఇప్పటికీ నవ్విస్తున్నాయంటే, ఆయన నాయకుడి కన్నా రోడ్డు గుంతను, నల్లా దగ్గర లైన్‌ను ఎక్కువ గీశాడు. గుంతలకు వివరం అక్కర్లేదు, బయటికెళ్లి చూస్తే చాలు.

తెలుగులో దీనికి దగ్గరగా వచ్చింది బుడుగు అని నా లెక్క. స్ట్రిప్ కాదు, ముళ్లపూడి మాట, బాపు గీత. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వారం వారం వచ్చిన ముక్కలవి. ఆ పత్రిక ముఖం చూడని మూడో తరం ఇవాళ పుస్తకంగా చదివి నవ్వుతోంది. బుడుగు గోదావరి యాస వాడు, మాది ఓరుగల్లు యాస, అయినా మా ఇంట్లో ఆ పుస్తకం రెండుసార్లు చిరిగింది.

మిగిలింది ఇళ్లల్లో ఉంది. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరు దగ్గర పాత డైరీ ఒకటి చూశాను. ఎప్పుడో ఇంగ్లిష్ పేపరు వేయించుకున్న కాలంలో కత్తిరించి మైదా లయితో అతికించినవి, పేజీకి మూడు. డైరీ కాగితం ఇంకా తెల్లగానే ఉంది, స్ట్రిప్పులు మాత్రం టీ రంగుకు తిరిగాయి, ఎందుకంటే పేపరు కాగితంలో చెక్క గుజ్జు ఎక్కువ, దాంట్లోని లిగ్నిన్ వెలుతురుకు అలా మారుతుంది. లయిలో మైలుతుత్తం కలిపారట, అందుకే పురుగు పట్టలేదు. బైండింగ్ చేయించమని ఆయన్ను నేనే తీసుకెళ్లాను. షాపులో పెద్దాయన తిరగేసి, "అంచులు ఎగుడుదిగుడున్నయ్ సారూ, మూడు దిక్కులా కటింగ్ ఏస్త, నీటుగొస్తది" అన్నాడు. సారు వెంటనే డైరీ వెనక్కి లాక్కున్నారు.

ఆయన భయం సరైనదే. స్ట్రిప్‌లో తేదీ రెండు గడుల మధ్య సందులోనో, కింది అంచునో చీమ కాలంత అక్షరాల్లో ఉంటుంది. అది పోతే ఏ ఏడాదిదో, దేని తర్వాత ఏది రావాలో తేల్చడం కష్టం. మీ మంచం కింద ట్రంకు పెట్టెలో ఇలాంటి కత్తిరింపులు ఉంటే, బైండింగ్‌కు ఇచ్చేటప్పుడు అంచు ముట్టుకోవద్దని, కుట్టు కోసం ఎడమ పక్క విడిగా ఒక కాగితం పట్టీ అతికించమని ముందే చెప్పండి. ఇంకో ఇరవై రూపాయలు ఎక్కువ అడుగుతాడు, ఇచ్చేయండి.