ప్రశ్నావళి పంచే ముందు

ప్రియమైన పిల్లలకు,
ఆశీస్సులు.

మీలో చాలామంది ప్రాజెక్టుకో, థీసిస్‌కో సిద్ధమవుతున్నారు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (సంస్థల్లో మనుషులు కంప్యూటర్ వ్యవస్థలను ఎలా వాడతారో చూసే సబ్జెక్టు) చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "సర్వే చేద్దామనుకుంటున్నాం, ఎంతమందిని అడిగితే సరిపోతుంది?" దానికి జవాబు చెప్పే ముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను. నువ్వు తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి? చాలామంది అక్కడ ఆగిపోతారు. ఆగడం తప్పు కాదు, ఆలోచన అక్కడే మొదలవుతుంది. అది తేలకముందే ప్రశ్నావళి రాయడం మొదలుపెడతారు చూడండి, నా బాధ దాని గురించే. అందుకే ఈ ఉత్తరం.

నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు ఎక్కించే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాన్ని ఎలా వాడుతున్నారో చూడటం నా పని. ముందు నర్సులకు ప్రశ్నావళి ఇచ్చాను. "రోజూ వాడుతున్నారా?" అంటే దాదాపు అందరూ అవునన్నారు. అంకెలు ముచ్చటగా వచ్చాయి, రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఎందుకో ఒకసారి సిస్టమ్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏం ఎక్కించారో కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా, కూడా చూద్దామనిపించింది. తీరా చూస్తే నమోదులన్నీ షిఫ్టు ముగిసే చివరి అరగంటలోనే కుప్పగా పడి ఉన్నాయి. జ్వరం పొద్దున చూసినా, మందు మధ్యాహ్నం ఇచ్చినా, కంప్యూటర్‌లోకి ఎక్కింది మాత్రం అప్పుడే. నర్సులు అబద్ధం చెప్పలేదు, రోజూ వాడుతున్న మాట నిజమే. కానీ మధ్యలో ఏ డాక్టరైనా స్క్రీన్ తెరిస్తే ఆ పూట సంగతులు అందులో ఉండవు.

ఎందుకలా? ప్రశ్నావళిలో దానికి జవాబు లేదు, లాగ్‌లోనూ లేదు. రెండు రోజులు వార్డులో ఒక మూల కూర్చున్నాక అర్థమైంది. కంప్యూటర్ వార్డు ఆ చివర ఉంది. కాసేపు ముట్టుకోకపోతే మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది. చేతికి గ్లౌజులు, అవతల మంచం నుంచి పిలుపు. అందుకని ప్రతి నర్సు జేబులోనూ మడిచిన కాగితం ఒకటి ఉండేది. వివరాలు ముందు అందులోకి, తీరిక దొరికాక కంప్యూటర్‌లోకి. ఆ వార్డు నిజానికి ఆ కాగితాల మీద నడుస్తోంది.

మనుషులు చెప్పేది, చేసేది, అలా చేయడానికి కారణం. ఈ మూడూ వేర్వేరు సంగతులు. ఒక్కోదాన్ని పట్టుకోవడానికి ఒక్కో పద్ధతి కావాలి. మన సబ్జెక్టు మనిషికీ యంత్రానికీ మధ్య ఉంది కాబట్టి మనకు ఈ తేడా మరీ ముఖ్యం. ఇది నా ఒక్కడి అనుభవం కూడా కాదు. 1995లో స్ట్రాబ్, లిమాయెమ్, కరహన్నా అనే పరిశోధకులు వాయిస్ మెయిల్ వాడకం మీద ఇదే పోల్చి చూశారు. ఎంత వాడుతున్నామని మనుషులు చెప్పినదానికీ, కంప్యూటర్ రికార్డు చేసినదానికీ సంబంధం చాలా బలహీనంగా కనిపించింది. మీ ప్రశ్నావళిలో "వారానికి ఎన్ని గంటలు వాడతారు" అని రాసేటప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి. లాగ్ దొరికే అవకాశం ఉంటే లాగ్ అడగండి.

అంటే సర్వే పనికిరాదని కాదు. మనిషి మనసులో ఉన్న అభిప్రాయం ఏ లాగ్‌లోనూ ఉండదు, అడిగే తెలుసుకోవాలి. ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లో అదే చేశారు. ఒక సాఫ్ట్‌వేర్‌ను జనం ఎందుకు స్వీకరిస్తారన్నది ఆయన ప్రశ్న. అది నా పనికి ఉపయోగపడుతుందన్న నమ్మకం ఒకటి, వాడటం సులువన్న నమ్మకం ఇంకొకటి, ఈ రెండింటినీ కొలవాలనుకున్నారు. ఉపయోగమన్న నమ్మకానికే వాడకంతో ఎక్కువ సంబంధం ఉందని తేలింది. ఆయన కనుక్కున్న విషయం కంటే కొలిచిన తీరు మీరు శ్రద్ధగా చూడాలని నా కోరిక. ఒక్కో నమ్మకానికి ముందు 14 వాక్యాలు రాసుకున్నారు. కొందరితో పరీక్షించి 10కి తగ్గించారు, మళ్ళీ పరీక్షించి చివరికి 6 ఉంచారు. ఇప్పుడు చాలామంది ఆ ఆరు వాక్యాలనే తీసుకుని, సాఫ్ట్‌వేర్ పేరు మార్చి, ఫోన్‌లో ఫారం పంపేస్తారు. వాక్యాలు అరువు తెచ్చుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ మీరు అడగబోయే మనుషులకు అవి అర్థమవుతున్నాయో లేదో చూసే పని ఎవరూ అరువివ్వరు. అయిదారుగురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రతి ప్రశ్నకూ "దీన్ని మీరెలా అర్థం చేసుకున్నారు?" అని అడగండి. ఆ ఒక్క పూటలో బయటపడే తప్పులు, డేటా మొత్తం వచ్చాక ఏ లెక్కతోనూ సరిదిద్దలేం.

"ఈ యాప్ వేగంగా, సురక్షితంగా ఉందా?" అని అడిగారనుకోండి. వేగంగా ఉంది, సురక్షితంగా లేదు అనుకునే మనిషి ఏ గడిలో టిక్ పెట్టాలి? ఒక ప్రశ్నలో ఒకే సంగతి ఉండాలి. ఇంకోటి, ఒకే మనిషి ఒకే కూర్చున్నపాటున "యాప్ బాగుంది" అనీ "యాప్ వల్ల నా పని మెరుగైంది" అనీ రెండిటికీ జవాబిస్తే, ఆ రెండింటి మధ్య కనిపించే సంబంధంలో కొంత భాగం ఆ పూట అతని మూడ్‌దే కావచ్చు. వీలైతే ఒకటి అతన్ని అడగండి, రెండోది వేరే చోట నుంచి తెచ్చుకోండి. ఇక ఎంతమంది అన్న మాట. ఫారం మీ స్నేహితుల గ్రూపుల్లో తిరిగితే అయిదు వందల జవాబులొచ్చినా అవి మీ స్నేహితుల్లాంటి వాళ్ళవే. ఎవరు జవాబివ్వలేదో, ఎందుకివ్వలేదో చూడటం ఆ అంకె కంటే ముఖ్యం.

"ఎందుకు", "ఎలా" అన్నవి మీ ప్రశ్నలైతే కేస్ స్టడీ వైపు, అంటే ఒకటి రెండు సంస్థలనే లోతుగా చూసే పద్ధతి వైపు వెళ్ళండి. అది సులువైన దారి కాదు. లిన్ మార్కస్ అనే పరిశోధకురాలు 1983లో అచ్చువేసిన వ్యాసాన్ని నేను ప్రతి బ్యాచ్ చేతా చదివించేవాణ్ని. ఒక పెద్ద సంస్థలో కొత్త అకౌంటింగ్ సిస్టమ్ వచ్చింది. ప్రధాన కార్యాలయం వాళ్ళు మెచ్చుకున్నారు, విభాగాల అకౌంటెంట్లు మాత్రం ఎదురుతిరిగారు. అందుకు మూడు కారణాలు చెప్పవచ్చు. ఆ మనుషులు మార్పును ఇష్టపడని వాళ్ళు అనవచ్చు. సిస్టమ్‌లోనే లోపముంది అనవచ్చు. లేదా, ఇదివరకు విభాగాల చేతిలో ఉన్న సమాచారం ఇప్పుడు నేరుగా పైవాళ్ళకు కనిపిస్తోంది, పట్టు చేతులు మారింది, అందుకే ఈ గొడవ అనవచ్చు. మూడూ వినడానికి నమ్మదగ్గవే. అయితే వాటిని విడదీసే దారి ఉంది. తప్పు మనుషులదైతే, ఆ కుర్చీలో వేరే మనిషిని కూర్చోబెడితే గొడవ తగ్గాలి. కారణం కుర్చీదైతే, కొత్తగా వచ్చినవాడు కూడా ఎదురుతిరగాలి. చూశారా, ఒక్క సంస్థనే చూసినా పోటీ కారణాలను ఒకదానితో ఒకటి ఢీకొట్టి పరీక్షించవచ్చు. మార్కస్ తన సాక్ష్యంతో మూడో కారణమే నిలబడుతుందని చూపారు. కేస్ స్టడీ అంటే నాలుగు ఇంటర్వ్యూలు చేసి కథ రాయడమేననుకునే వాళ్ళు ఇది తప్పక చదవాలి.

మీలో ప్రోగ్రామింగ్ ఇష్టపడేవాళ్ళు "మేము యాప్ తయారుచేస్తాం, అది పరిశోధన కాదా?" అంటారు. అవుతుంది, దానికి డిజైన్ సైన్స్ అని పేరు. హెవ్నర్ అనే పరిశోధకుడు, మరో ముగ్గురు కలిసి 2004లో దాని నియమాలు ఏడు రాశారు. అందులో నన్నడిగితే రెండు గట్టిగా పట్టుకోండి: మీ తయారీ ఒక నిజమైన సమస్యకు జవాబై ఉండాలి, అది పనిచేస్తోందని పరీక్షించి చూపించాలి. ఇప్పుడున్న పద్ధతి కంటే మీది ఎందులో మేలో, ఎక్కడ మేలు కాదో చెప్పలేకపోతే మీ దగ్గరున్నది యాప్ మాత్రమే, పరిశోధన ఇంకా కాలేదు.

డేటా గుట్టలుగా ఉంటే ఈ శ్రమంతా అక్కర్లేదని కొందరికి ఆశ. 2008లో గూగుల్ జనం వెతికే మాటలను బట్టి ఫ్లూ ఎంత ఉందో అంచనా వేసే సేవ మొదలుపెట్టింది. 2012-13 సీజన్‌కు వచ్చేసరికి అది అసలు కంటే చాలా ఎక్కువ ఫ్లూ చూపించింది. జనం ఒక మాటను వెతకడానికీ, జబ్బుపడటానికీ మధ్య బోలెడు కారణాలుంటాయి. గుట్ట ఎంత పెద్దదైనా, ఆ డేటా ఎలా పుట్టిందో అడగక తప్పదు.

ఇంకో మాట, ఇది నా మనసుకు చాలా దగ్గరిది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో 6,89,003 మంది ఫేస్‌బుక్ వాడకందారులకు కనిపించే పోస్టులను మార్చి, వాళ్ళు రాసే మాటల్లో సంతోషం, విచారం ఎలా మారతాయో చూశారు. ఆ ప్రయోగంలో తామున్నామని ఆ మనుషులకు ఎవరూ విడిగా చెప్పి అనుమతి అడగలేదు. ఖాతా తెరిచేటప్పుడు నొక్కిన ఒప్పుకోలు చాలనుకున్నారు. అది చాలదని నా అభిప్రాయం, పెద్ద దుమారమే రేగింది కూడా. మీ పరిశోధన చిన్నదే కావచ్చు. అయినా జవాబిచ్చే మనిషికి మీరెవరో, ఎందుకడుగుతున్నారో, ఎప్పుడైనా మానేయవచ్చనీ ముందే చెప్పండి. నేను వార్డులో కూర్చున్నప్పుడు నర్సుల కాగితాల సంగతి పేర్లతో రాసి ఉంటే, వాళ్ళలో ఎవరికో ఒకరికి మాట పడేది. వాళ్ళు నమ్మి చూపించారు, నేను పేర్లు రాయలేదు.

లిటరేచర్ రివ్యూ, అంటే మీకు ముందు ఆ విషయం మీద వచ్చిన పరిశోధనల సమీక్ష గురించి ఎక్కువ చెప్పను. "ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆవిడ అలా అన్నారు" అని వరుసపెట్టకండి. విషయాల వారీగా పేర్చుకుని, ఎవరెవరు ఎక్కడ కలుస్తున్నారో, ఎక్కడ విడిపోతున్నారో చూడండి. మీ ప్రశ్న చాలాసార్లు ఆ విడిపోయే చోటే దొరుకుతుంది.

నాకు మళ్ళీ రాసేటప్పుడు ఎంతమందిని అడగాలో రాయకండి. మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. దాని కింద, ఏ జవాబు వస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో అది కూడా ఒక్క వాక్యంలో రాయండి. వీలైతే ఆ సిస్టమ్ వాడే మనుషుల పక్కన ఒక పూట కూర్చుని, మీరు చూసింది ఉన్నదున్నట్టు ఒక పేజీ రాసి జతచేయండి. సర్వేనా, కేస్ స్టడీనా, తయారీనా అన్నది ఆ పేజీ ముందు పెట్టుకుని కలిసి తేల్చుకుందాం.

మీ ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ,
మీ మాస్టారు