ఒక కంటైనర్, రెండు సమీకరణాలు

విజయవాడలో ఇంటర్ చదువుతున్న ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "సార్, పోర్టుల్లో కంటైనర్ లారీ మీద ఉండగానే ఎక్స్‌రే తీస్తారట కదా. మరి ముంద్రాలో మూడు టన్నుల హెరాయిన్ పట్టుకోవడానికి ముందుగా సమాచారం అందాల్సి వచ్చిందెందుకు? మిషన్‌కి కనబడదా?"

ఆ సంగతి అతనికి ఎందుకు గుర్తుండిపోయిందో ఊహించగలను. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో డీఆర్ఐ (రెవెన్యూ నిఘా విభాగం) అధికారులు రెండు కంటైనర్లు తెరిపించారు. సరుకు అఫ్గానిస్తాన్‌ది. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ రేవు మీదుగా వచ్చింది. కాగితాల్లో రాసింది టాల్క్ (టాల్కం పౌడరు చేసే మెత్తటి రాయి) రాళ్లని. దిగుమతిదారు చిరునామా మాత్రం విజయవాడ. జంబో సంచుల్లో పైన రాళ్లు, అడుగున హెరాయిన్, మొత్తం 2,988 కిలోలు. తన ఊరి పేరు అలా వార్తల్లోకెక్కితే ఏ పిల్లవాడికైనా మనసు చివుక్కుమంటుంది.

కనబడుతుందా లేదా అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. ముందు సూట్‌కేసు దగ్గర మొదలుపెట్టాలి.

పోయిన వేసవిలో విమానాశ్రయంలో నా బ్యాగు పక్కకు లాగారు. తెర కాస్త నా వైపు తిరిగి ఉండటంతో నా సామాను నాకే రంగుల్లో కనబడింది. ఇత్తడి చెంబు ముదురు నీలం. ఉప్పు పొట్లం ఆకుపచ్చ. సున్నుండల డబ్బా మొత్తం ఒకే చిక్కటి నారింజ ముద్ద. తనిఖీ చేస్తున్న అమ్మాయి డబ్బా మూత తీసింది, నెయ్యి వాసన గుప్పుమంది, నవ్వి మూత పెట్టేసింది. ఆమె అనుమానం న్యాయమైనదే. పేలుడు పదార్థాలు కూడా కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లతో గట్టిగా దట్టించిన ముద్దలే. మినప్పిండి, బెల్లం, నెయ్యి కలిపి ఒత్తిన ఉండకూ వాటికీ తెరమీద పెద్ద తేడా ఉండదు.

ఆ రంగులు ఎక్స్‌రేలో లేవు. యంత్రం లెక్క కట్టి పూసినవి. ఆ లెక్క పదో తరగతి పుస్తకంలో ఉంది: 'రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత'. తరాలుగా ఆ పాఠాన్ని తండ్రీకొడుకుల వయసులతోనే చెబుతున్నాం. విమానాశ్రయంలోని యంత్రం ప్రతి చుక్క దగ్గరా చేసేది ఇలాంటి లెక్కేనని ఒక్క వాక్యం చెబితే పిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో నేను తరగతిలో చూశాను. ఆ వాక్యం పాఠంలో ఉండాలని నా కోరిక.

కిరణం వస్తువును దాటాక ఎంత మిగిలిందో డిటెక్టర్ కొలుస్తుంది. దాని చేతికొచ్చేది ఒక్క అంకె. ఆ అంకె వెనక తెలియనివి రెండు: వస్తువు ఎంత మందం, అది దేనితో చేసింది. తండ్రీకొడుకుల వయసుల మొత్తం 48 అని మాత్రమే చెబితే ఎన్ని జవాబులైనా వస్తాయి. 36, 12 కావచ్చు, 30, 18 కావచ్చు. అలాగే 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణం శక్తిని కొలిచే ప్రమాణం ఇది) ఎక్స్‌రేకి ఒక మిల్లీమీటరు ఇనుప రేకూ, 4.6 సెంటీమీటర్ల నీళ్లూ ఒకటే. రెండూ నూటికి 61 వంతులు ఆపేస్తాయి. నలుపు తెలుపు బొమ్మలో రెండూ ఒకే బూడిద రంగు.

ఇప్పుడు రెండో సమీకరణం. అదే చోటును 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో చూడండి. ఆ ఇనుప రేకు ఈసారి ఆపేది 25 శాతమే. నీళ్లు మాత్రం 54 శాతం ఆపుతాయి. ఒకసారి సమానంగా కనబడినవి రెండోసారి విడిపోయాయి. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లని చెప్పడం లాంటిదే ఇది. ఇక 36, 12 తప్ప మరో జవాబు లేదు.

ఎందుకు విడిపోయాయంటే, ఎక్స్‌రేని పదార్థం రెండు తీర్లుగా ఆపుతుంది. ఒకటి కాంతి విద్యుత్ ఫలితం: కిరణాన్ని పరమాణువు పూర్తిగా మింగి ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి తన్నేస్తుంది. ఈ మింగే శక్తి పరమాణు సంఖ్యతో పాటు విపరీతంగా పెరుగుతుంది, సుమారు నాలుగో ఘాతంలో. కిరణం శక్తి రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండోది కాంప్టన్ పరిక్షేపణం: కిరణం ఎలక్ట్రాన్‌కు తగిలి పక్కకు మళ్లుతుంది. దీనికి పరమాణువు ఏదన్నది దాదాపు పట్టదు, దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయన్నదే లెక్క. కాబట్టి మొదటిది 'ఏమిటి' చెబుతుంది, రెండోది 'ఎంత' చెబుతుంది. వాటిని విడదీశాక సగటు పరమాణు సంఖ్య పది లోపుంటే నారింజ, పది నుంచి ఇరవై దాకా ఆకుపచ్చ, ఆపైన నీలం. ఉప్పులో సోడియం 11, క్లోరిన్ 17, అందుకే ఆకుపచ్చ.

బంగారం ఈ వరసకు లొంగదు. శక్తి పెంచితే ఏ పదార్థమైనా ఎక్కువ కిరణాలను దాటనివ్వాలి. బంగారం 60 దగ్గరకన్నా 100 దగ్గర ఎక్కువ మింగుతుంది! దాని పరమాణువులో అట్టడుగు ఎలక్ట్రాన్లు కదలాలంటే 80.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఆ గీత దాటగానే వాటి నోరు కూడా తెరుచుకుంటుంది. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా ఈ అంకె చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇస్త్రీపెట్టెలోనో మిక్సీ మోటారులోనో బంగారం దాచి తెచ్చారని వార్తల్లో చదువుతుంటాం. ఒక మిల్లీమీటరు బంగారాన్ని దాటి 60 దగ్గర పదివేలలో ఒకటో రెండో కిరణాలే వస్తాయి. తెరమీద అది నల్లటి మచ్చ. రెండు సమీకరణాల్లోనూ జవాబు సున్నా అయితే విప్పడానికేమీ లేదు, కానీ ఇస్త్రీపెట్టెలో అంత నలుపు ఉండకూడదన్నది కూడా సమాచారమే.

ఇక పోర్టుకు వద్దాం. టాల్క్ అంటే మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్. సగటు పరమాణు సంఖ్య సుమారు 11. హెరాయిన్‌లో ఉన్నది ప్రధానంగా కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్. సగటు 6 పైచిలుకు. సూట్‌కేసులో పక్కపక్కన పెడితే ఒకటి ఆకుపచ్చ, ఒకటి నారింజ.

కానీ కంటైనర్ రెండున్నర మీటర్ల వెడల్పు. సూట్‌కేసు కిరణాలు రాళ్ల బస్తాల మధ్య ఇంకిపోతాయి. అందుకే అక్కడ చిన్న త్వరణ యంత్రంతో 4, 6, 9 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి కిరణాలు పుట్టిస్తారు. 30 సెంటీమీటర్ల ఉక్కు వెనక కూడా ఎంతో కొంత కనబడుతుంది. ఆ బలానికి మూల్యం ఉంది. ఆ శక్తి దగ్గర కాంతి విద్యుత్ ఫలితం దాదాపు చచ్చిపోతుంది. అంతా కాంప్టన్ రాజ్యమే. కాంప్టన్‌కు పరమాణువు పేరు పట్టదని చెప్పాను కదా.

అంకెల్లో చూడండి. శక్తి 60 నుంచి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పెరిగితే నీటి గుణకం, అంటే కిరణాన్ని ఆపే బలం, 83 శాతానికి తగ్గుతుంది, ఇనుముది 31 శాతానికి. మధ్యలో పెద్ద ఎడం. 4 నుంచి 6 మిలియన్లకు పెంచితే నీటిది 81 శాతానికి, ఇనుముది 92 శాతానికి. ఎడం కుంచించుకుపోయింది, పైగా వరస తలకిందులైంది. దానికి కారణం మూడో తీరు: కిరణమే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారడం. అది బరువైన పరమాణువుల దగ్గర ఎక్కువ. సీసానికి ఈ గుణకం తగ్గకపోగా 5 శాతం పెరుగుతుంది. (ఇవి ఒకే శక్తి ఉన్న కిరణాల లెక్కలు. యంత్రంలో వచ్చేది కలగాపులగం కాబట్టి ఎడం ఇంకా తక్కువ.) సీసాన్నీ ఇనుమునీ నీటినీ విడదీయడానికి ఇది చాలు. 11నీ 6నీ విడదీయాలంటే కష్టం.

ఎంత కష్టమో మళ్లీ తండ్రీకొడుకులనే అడుగుదాం. తండ్రి x, కొడుకు y. మొదటి సమీకరణం x + y = 48. రెండోది x + 1.1y = 49.2. జవాబు అదే, 36, 12. కానీ ఈ రెండు గీతలు దాదాపు సమాంతరాలు. 49.2 అన్నచోట పొరపాటున 49.8 అని చదివామనుకోండి, కొడుక్కి 18 ఏళ్లు వచ్చేస్తాయి. ఇంతకుముందరి జత, అంటే x – 3y = 0, అందులో అదే 0.6 పొరపాటు జరిగితే కొడుకు వయసు 11.85. నెలన్నర, రెండు నెలల తేడా! లారీ కదులుతుండగా, బస్తా వెనక బస్తా ఉండగా తీసే కొలతలో ఆ మాత్రం పొరపాటు ఉండి తీరుతుంది. యంత్రం మొద్దుది కాదు, దానికిచ్చిన సమీకరణాలు ఒకదానికొకటి మరీ దగ్గరివి.

అలాంటప్పుడు లెక్కల మాస్టారు చేసే పని ఒకటే: వేరే దిక్కు నుంచి వచ్చే మూడో సమీకరణం వెతుక్కోవడం. పోర్టులో అది యంత్రం లోపల దొరకదు. రెండో దేశం దగ్గర ఉంటుంది. కస్టమ్స్ సహకారమంటే చేతులు కలుపుకున్న అధికారుల ఫొటోలు మనకు గుర్తొస్తాయి గానీ, దాని అసలు పని ఇదే.

1952లో మొదలై బ్రస్సెల్స్ కేంద్రంగా నడుస్తున్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ 1988 నుంచి సరుకులన్నింటికీ ఆరంకెల సంఖ్య పెట్టించింది. టాల్క్‌ది 2526తో మొదలవుతుంది. రాయిగా ఉంటే 2526.10, పొడి చేస్తే 2526.20. పేరు ఏ భాషలో ఉన్నా సంఖ్య ఒకటే. కాబట్టి ఆ సంఖ్యతో ఇదివరకు వచ్చిన కంటైనర్ల బొమ్మల పక్కన ఈ కంటైనర్ బొమ్మను పెట్టి, రాళ్ల బస్తా కింది భాగం ఎందుకింత పల్చగా ఉందని అడగొచ్చు. 2016 జులై 1 నుంచి ఓడ ఎక్కే ప్రతి నిండు కంటైనర్‌నూ నిజంగా తూచి బరువు ప్రకటించాలన్న నియమం ఉంది. ఓడలు ఒరిగిపోకుండా పెట్టిన నియమమే, అయినా బరువు తెలిస్తే 'ఎంత' అన్న అజ్ఞాతం మీద ఒక గట్టి కొలత దొరికినట్టే. అన్నిటికన్నా నాకు నచ్చేది, ఎక్కిన రేవులో తీసిన బొమ్మనూ దిగిన రేవులో తీసిన బొమ్మనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం. రెండు దేశాల యంత్రాలూ రెండు కంపెనీలవైతే ఒకరి ఫైలు మరొకరి దగ్గర తెరుచుకోదు. దానికోసమే ఆ సంస్థ స్కానర్ బొమ్మలకు ఉమ్మడి ఫైలు పద్ధతి ఒకటి తయారు చేయించింది. వార్తల్లోకెక్కని పని అది. నా దృష్టిలో సగం విజయం అలాంటి పనుల్లోనే ఉంది.

తమ దేశానికొచ్చే ప్రతి కంటైనర్‌నూ ఎక్కే రేవులోనే నూటికి నూరు స్కాన్ చేయాలని అమెరికా 2007లో చట్టమే చేసింది. 2012 గడువు దాటిపోయింది, వాయిదాలు పడుతూనే వచ్చాయి. కోట్ల బొమ్మలు తీయొచ్చు. చూసే కళ్లెక్కడివి? ఏ పెట్టె బొమ్మను నిదానంగా చూడాలో ఎవరో చెప్పాలి. ముంద్రాలో అందిన సమాచారం చేసిన పని అదే. విజయవాడ చిరునామాకు వెళ్లే రాళ్లు చెన్నై, కృష్ణపట్నం, విశాఖ వదిలేసి పడమటి కొసన ఎందుకు దిగుతున్నాయన్న ప్రశ్న కూడా ఒక సమీకరణమే.

ఈ లెక్కలేవీ పనిచేయని సరుకొకటి మన శేషాచలంలోనే ఉంది. ఎర్రచందనం. కలపలో కలప దాస్తే నారింజలో నారింజ. టేకు సాంద్రత 0.65 దగ్గర, ఎర్రచందనానిది ఒకటి పైన. పూజాసామాన్ల కొట్లో కొన్న రక్తచందనం ముక్కను గ్లాసు నీళ్లలో వేశాను, రాయిలా మునిగింది. నీళ్లకు రంగు అంటీ అంటనట్టు వచ్చింది. స్పిరిట్‌లో వేస్తే కాసేపటికే ఎర్రబడింది, శాంటలిన్ అనే రంగు పదార్థం నీళ్లకన్నా ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. జపాన్‌వాళ్లు అణు రియాక్టర్లలో రేడియేషన్ ఆపడానికి ఈ కలప కొంటారని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. ఇక్కడిదాకా చదివినవాళ్లు ఆ మాట నమ్మనవసరం లేదు. అది కూడా కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజనే. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక మిల్లీమీటరు సీసం రేకు చేసే పనికి పావు మీటరు పైన మందం ఎర్రచందనం కావాలి. ఆ పుకారే నిజమైతే దుంగలు తెరమీద నీలంగా వెలిగేవి, ఏ కంటైనర్‌లోనూ దాగేవి కావు. జపాన్‌లో దాన్ని షామిసెన్ అనే తీగవాద్యం మెడకు వాడతారు, చైనాలో ఖరీదైన సామాను చేస్తారు.

అడవి జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాలో ఎర్రచందనం 1995 నుంచి ఉంది. పరాయి రేవులో ఒక దుంగ దొరికితే అది శేషాచలందా, లేక దాన్నే పోలిన ఆఫ్రికా జాతి టెరోకార్పస్ టింక్టోరియసా అన్నది తేలాలి. ఆ చెట్టును కూడా 2019లో జాబితాలో చేర్చారు. సూక్ష్మదర్శిని కింద రెండింటిలోనూ కణాలు పేర్చిన ఇటుకల్లా వరసల్లో ఉంటాయి. కణాలు చూసి తేల్చలేనప్పుడు కలపలోని రసాయనాలను ద్రవ్యరాశి వర్ణపటంతో (అణువుల బరువులను బట్టి గుర్తించే పద్ధతితో) పోల్చాలి. పోల్చడానికి పక్కన అసలైన శేషాచలం ముక్క కావాలి. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నట్టు, పుట్టిన చోటు రాసిపెట్టిన కలప నమూనాల నిలవ ఆ దేశంలోనూ ఉండాలి. అగ్గిపుల్లంత ముక్క ఇక్కడి నుంచి అక్కడి ప్రయోగశాలకు చేరాలన్నా, దానితో పాటు సైటిస్ కాగితం ఒకటి వెళ్లాల్సిందే.